వల బయటి తల్లి

మా తమ్ముడి ఇంట్లో మేడగది బాగుంటుంది. రెండు కిటికీలు, ధారాళంగా గాలి, కొత్తగా వేసిన సున్నం, మూలన వాడు స్వయంగా బిగించిన ఉయ్యాల. ఒక్కటే లోపం. చెక్క సీలింగుకీ ఇంటి కప్పుకీ మధ్య గబ్బిలాలు కాపురం పెట్టాయి. నా పనే అది. ఇళ్లలో చేరిన గబ్బిలాలని చంపకుండా, గాయపరచకుండా బయటికి పంపిస్తుంటాను. చుట్టాల్లో నా అసలు పేరు ఎప్పుడో చెరిగిపోయింది. "గబ్బిలాలక్క వచ్చింది, లైట్లు ఆర్పండి" అని మా తమ్ముడే వేళాకోళం చేస్తాడు.

పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అవి వచ్చిపోయే సందు మీద, కింద అంచు వదులుగా ఉండేలా వల వేలాడదీయాలి. చీకటి పడగానే వల కింద నుంచి పాక్కుంటూ బయటికి పోతాయి. తిరిగొచ్చి సందు దగ్గరే వాలతాయి తప్ప కింద నుంచి దూరాలని వాటికి తోచదు. చివరికి వేరే చోటు చూసుకుంటాయి. దీనికి నియమం ఒక్కటే. పిల్లలు పెట్టే కాలంలో వల కట్టకూడదు. ఎగరడం రాని పిల్లలు లోపల, తల్లులు బయట ఉండిపోతాయి. బడిపిల్లలకీ ఇళ్లవాళ్లకీ ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

"రేపు పాపని ఇంటికి తెస్తున్నామక్కా. ఈ కంపులో ఎలా పడుకోబెట్టమంటావ్?" అన్నాడు తమ్ముడు.

"కింద గదిలో పడుకోబెట్టరా. కొన్నాళ్లు ఓపిక పట్టు. ఇది వాటి పిల్లల కాలం."

"ఊరందరికీ చేస్తావు. సొంత మేనకోడలికి చెయ్యవన్నమాట."

ఆ మాట నాకు గుచ్చుకుంది. "అసలు పిల్లలున్నాయని చూశావా?" అన్నాడు మళ్లీ. నిచ్చెనెక్కి సీలింగు చెక్క ఒకటి జరిపాను. పెంటికల ఘాటు గుప్పుమంది. నా నడుముకి ఎప్పుడూ ఒక చిన్న పెట్టె ఉంటుంది. గబ్బిలాల కూత మన చెవికి అందదు. ఆ పెట్టె దాన్ని పట్టుకుని చిటచిటమని వినిపిస్తుంది. అప్పుడది ఆగకుండా చిటచిటలాడింది. పిల్లలు తల్లిని పిలిచే కూత నాకు తెలియనిది కాదు.

టార్చి చేతిలోనే ఉంది. వెయ్యలేదు. వేసి చూస్తే, కుదరదని చెప్పాలి. చెబితే వాడు మొహం మాడ్చుకుంటాడు. పెట్టె కూడా ఆపేసి, "ఏం కనబడలేదురా," అన్నాను. అబద్ధం కాదు కదా అనుకున్నాను. దానికంటే అబద్ధమే కాస్త నయం.

మునిమాపు వేళకి, కిటికీ పైన చూరు కింద ఉన్న సందుకి వల కట్టాను. గబ్బిలాలు ఒక్కొక్కటే జారి చీకట్లోకి పోయాయి. పాలిచ్చే తల్లులు తెల్లారేదాకా ఆగవు, మధ్యలో ఒకసారి వస్తాయి. వచ్చాయి. వలకి కొట్టుకున్నాయి. టప్... టప్... మెత్తటి చప్పుడు. "మా అక్కా మజాకా!" అని చప్పట్లు కొట్టాడు తమ్ముడు. నేనూ నవ్వాను. కంచే చేను మెయ్యడమంటే ఇదే. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తుకోబుద్ధి కాదు.

మర్నాడు మరదలు పాపని ఎత్తుకుని వచ్చింది. పిల్ల గొంతు గట్టిది. మధ్యాహ్నమంతా ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. సాయంత్రం తమ్ముడు మందులకని బయటికి వెళ్లాడు. మరదలు పాపని ఉయ్యాలలో వేసింది. గదిలో సున్నం వాసన, పాల వాసన, వాటి కింద ఎక్కడో ఇంకో వాసన. పైన అలికిడి లేదు. నేను పైకి చూడలేదు.

కిటికీ అవతల చీకటి పడింది.

టప్...

పాప ఏడుపు ఆగిపోయింది. కత్తితో కోసినట్టు.

"వదినా..." మరదలు గుసగుసగా పిలిచింది. "పాపని చూడు."

పాప నోరు బార్లా తెరిచి ఉంది. మొహం కందిపోయింది. పిడికిళ్లు బిగుసుకున్నాయి. రొమ్ము ఎగసిపడుతోంది. ఏడుస్తూనే ఉంది... చప్పుడు లేదు.

"గొంతు పోయిందా వదినా?"

ఆ నోరు తెరుచుకుని మూసుకునే తీరు నాకు తెలుసు, గబ్బిలం పిల్లలు తల్లిని పిలిచే తీరు. చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి వెళ్లింది. స్విచ్చి నొక్కాను.

చిటచిటచిట...

పెట్టెని సీలింగు వైపు తిప్పాను. నిశ్శబ్దం. ఉయ్యాల వైపు తిప్పాను. చిటచిటచిట... కిటికీ వైపు తిప్పాను. అక్కడ ఇంకో కూత. కాస్త లావుగా. జవాబిస్తున్నట్టు.

పరుగెత్తి నిచ్చెనెక్కాను. ఈసారి టార్చి వేశాను. దూలానికి వరసగా వేలాడుతున్నాయి, గులాబి రంగు పిల్లలు. కొన్ని కింద రాలి ఉన్నాయి. వేలితో తాకాను. రాలినవి చల్లగా ఉన్నాయి. వేలాడేవాటిలో ఇంకా కాస్త వెచ్చదనం ఉంది. నిచ్చెన దిగి, కిటికీ లోంచి బయటికి వంగి వల పీకి పారేశాను.

తల్లులు నా చెంపలు రాసుకుంటూ లోపలికి దూసుకెళ్లాయి. ఎన్ని పిల్లలున్నా గొంతుని బట్టి తన పిల్లని పోల్చుకుంటుంది ఏ తల్లైనా. పైన ఒక్కొక్క కూతే మొదలైంది. ఏడుపొచ్చింది నాకు. మళ్లీ నిచ్చెనెక్కి చూశాను. ఒక తల్లి మాత్రం రాలిన పిల్ల దగ్గర వాలి, దాన్ని ముక్కుతో పొడిచి పొడిచి చూసింది. పిలిచింది. చాలాసేపు పిలిచింది. తర్వాత బయటికొచ్చి కిటికీ రెక్కకి వేలాడింది, ఉయ్యాలకి ఎదురుగా.

పాప నోరు మూసుకుని నిద్రపోయింది.

అప్పటినుంచి పాప ఏడవలేదు. గొంతులో ఏ లోపమూ లేదంటాడు డాక్టరు. "మా అమ్మాయి బుద్ధిమంతురాలు, కిక్కురుమనదు," అని తమ్ముడు అందరికీ మురిపెంగా చెప్పుకుంటాడు. నేను వింటూ కూర్చుంటాను. జరిగింది వాడికి నేనూ చెప్పలేదు, మరదలూ చెప్పలేదు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోం.

పిల్లల కాలం అయిపోయింది. మిగిలిన పిల్లలకి రెక్కలొచ్చాయి, గబ్బిలాలన్నీ ఎగిరిపోయాయి. ఇక సందు మూసెయ్యమని తమ్ముడు నన్ను మళ్లీ పిలిచాడు. అదే నిచ్చెన ఎక్కి, అదే చెక్క జరిపి, తల లోపల పెట్టాను. చీకటి. పాత ఘాటు. పెట్టె మూగగా ఉంది.

అప్పుడు వినిపించింది... దూలం చివర నుంచి, సన్నగా. పసిపాప ఏడుపు. ఇంటికొచ్చిన మొదటి మధ్యాహ్నం ఇల్లెగిరిపోయేలా ఏడ్చిన గొంతే అది.

తల బయటికి తీసి కిందికి చూశాను. మరదలి చేతుల్లో పాప నోరు బార్లా తెరిచి ఉంది. మరదలు నా వైపే చూస్తోంది.

"ఏమైనా ఉందా అక్కా?" అన్నాడు తమ్ముడు, సందు మూసే చెక్క పైకి అందిస్తూ.

టార్చి నా చేతిలోనే ఉంది.

"ఏం కనబడలేదురా," అన్నాను.