పి, ఆర్, ఎస్, టి

"రుజువుందా?" అడిగాడు చీఫ్.

"లేదు సార్. కానీ మా ఆయన్ని చంపింది ఆవిడే."

"అయితే ఆవిడ మీద చెయ్యి వెయ్యకు. డబుల్ ఏజెంట్ అంటే మాటలా? శత్రువుల జీతం తింటూ మన పని చేస్తోంది. ఈ సమాచారం ఇచ్చిందీ ఆవిడే."

సమాచారం చిన్నదే. ఇంగ్లిష్ పదాల క్లబ్బులో ఆదివారం పోటీ. బహుమతి ఇవ్వడానికి పొరుగుదేశపు శాంతి రాయబారి వస్తున్నాడు. 'నల్లదారం' అనే విదేశీ ముఠా బాల్కనీలోంచి ఆయన్ని కాల్చబోతోంది. ఆయన పోతే యుద్ధం తప్పదు.

"ఆ రోజు మా ఆయన ఏ రైలెక్కుతున్నాడో కూడా మనిద్దరికీ, ఆవిడకీ మాత్రమే తెలుసు సార్."

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఇరకాటంలో పడ్డప్పుడల్లా అతని అద్దాలకి మురికి పడుతుంది. "ఆ పెన్ను ఇక్కడ పెట్టి వెళ్ళు."

"సంతకాలు పెట్టుకోవాలి సార్."

అది ఆమె మొగుడి పెన్ను. మూత తిప్పితే రాస్తుంది. క్లిప్పు నొక్కితే పేలుతుంది. లోపల ఒకటే గుండు. ఆ గుండు ఎవరికోసమో ఆమె ఎప్పుడో తేల్చుకుంది.

ఆ గూఢచారి ఆఫీసులో ఆమెని వడ్రంగిపిట్ట అంటారు. ముక్కు పెట్టిన చోట బెరడు ఊడేదాకా వదలదని.

మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకటే పిచ్చి ఉండేది. నాలుగక్షరాలు అనుకోవడం, ఆ నాలుగూ ఏ వరసలోనైనా ఉన్న పొడుగాటి ఇంగ్లిష్ పదం వెతకడం. ఆఖరిసారి ప్లాట్‌ఫారం మీద ఆయన ఆమె చెవిలో ఒక పదం చెప్పి నవ్వుతూ రైలెక్కాడు. బండి కదిలాక కిటికీలోంచి అరిచాడు. "పి, ఆర్, ఎస్, టి! నాదానికన్నా పెద్దది కనిపెట్టు చూద్దాం!" పెట్టెలో ఎదురు సీట్లో ఎవరో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆమె చెయ్యి ఊపుతూ నిలబడిపోయింది. మర్నాడు ఏదో స్టేషన్లో ఆయన్ని దుప్పటి కప్పి దించారు. ఊపిన చెయ్యి ఆమెకి ఇప్పటికీ బరువే.

*

ఆదివారం క్లబ్బుకి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చింది. నెరిసిన విగ్గు, వంగిన నడుం, చెవిలో వినికిడి మిషను. మిషన్లోంచి ఆమె మరిది గుసగుసలాడుతున్నాడు. అతను ఎలక్ట్రీషియన్ వేషంలో నిచ్చెన మోసుకుంటూ తిరుగుతున్నాడు.

"వదినా, బాల్కనీ అంతా మనవాళ్ళే. ఈగ కూడా లేదు."

హాలుకి ఆ చివర స్టేజి మీద రాయబారి. ఈ చివర, బయటికి పోయే తలుపు పక్కన, నల్లబోర్డు, ఒక బల్ల. బల్ల మీద ఇసుక గడియారం, బెల్లు మీట. బల్ల వెనక పోటీ నడిపే ముత్యాలావిడ, చీఫ్ నమ్ముతున్న ఆ డబుల్ ఏజెంటే. మెడలో మూడు పేటల ముత్యాలు, పట్టు చేతిగుడ్డ, ఎవరినైనా కరిగించే నవ్వు.

"ఆట మీకు తెలిసిందే," అందావిడ. "ఒక పదం చెప్పగానే ఇసుక తిప్పుతాను. ఇసుక పడేలోపు అంతకంటే పొడుగు పదం రాకపోతే బెల్లు. మన క్లబ్బు ఆచారం మరిచిపోకండి. పెద్ద పదం తెలిసుండీ నోరు మూసుకున్నవాడు పిరికిపంద. పోటీ నడిపేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది."

సుద్దముక్క అందుకుని బోర్డు మీద రాసింది. పి. ఆర్. ఎస్. టి.

టీచరమ్మ నడుం నిటారైంది. ఆ రోజు రైల్లో పేపరు వెనక ఉన్నది ఎవరో తెలిసిపోయింది. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు మనిషిని చంపైనా మరిచిపోతారు గానీ, తేలని అక్షరాల్ని మరిచిపోలేరు. బొటనవేలు పెన్ను క్లిప్పు మీదికి వెళ్ళింది.

"పాస్‌పోర్ట్!" అన్నాడు బ్యాంకు గుమాస్తా. ఇసుక తిరిగింది.

"వదినా!" మిషన్లో మరిది హడావిడిగా అన్నాడు. "బెల్లు తీగ స్టేజి కిందికి పోతోంది. రాయబారి కుర్చీ కింద బాంబు. బాల్కనీ కబురు మనల్ని ఏమార్చడానికే. ఎవర్నీ లేవనియ్యకు, అనుమానమొస్తే ఆవిడ మీట నొక్కేస్తుంది. నాకు కాస్త టైమియ్యి."

క్లిప్పు మీంచి బొటనవేలు తీయక తప్పలేదు. గుండు తగిలినా ఆ చెయ్యి మీట మీదే పడుతుంది.

"సెపరేషన్," అంది టీచరమ్మ. ఎడబాటు. ఇన్నాళ్ళలో ఆమెకి తట్టింది అదొక్కటే.

ఇసుక తిరిగింది. "సూపరింటెండెంట్!" అన్నాడు డాక్టరు. మళ్ళీ తిరిగింది.

చప్పట్లు ఆగాయి. ఇసుక సగానికి వచ్చింది. ముత్యాలావిడ వేలు మీట మీద వాలింది. టీచరమ్మకి మొగుడు నేర్పిన కిటుకు గుర్తొచ్చింది. పొడుగు పదం కోసం వెతక్కూడదు. మామూలు పదం పట్టుకుని ముందొక ముక్క, వెనకొక తోక తగిలించాలి.

"ఇర్రెస్పాన్సిబిలిటీ."

హాలంతా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పదహారు. ఇసుక తిరిగింది.

"ఇంకొక్క తీగ వదినా! ఏది ఉత్తుత్తిదో తెలియట్లేదు."

ఇంకేమీ తట్టలేదు. ఇసుక అడుగంటుతోంది. టీచరమ్మ లేచి నిలబడింది.

"మా ఆయన ఈ అక్షరాలకి ఇంకా పెద్దది చెప్పాడమ్మా. రైల్లో ఆయన ఎదురు సీట్లో ఒకావిడ ఉందిట. ఎంత గింజుకున్నా ఆవిడకి చేతకాలేదుట."

ముత్యాలావిడ మొహం పాలిపోయి, అంతలోనే ఎర్రబడింది. అప్పుడే నొక్కి ఉంటే పని అయిపోయేది. కానీ వేలు మీట మీంచి లేచింది.

"చేతకాలేదా? నాకా? మిస్‌రెప్రెజెంటేషన్! పదిహేడు!"

హాలు హోరెత్తింది. "ఇసుక తిప్పండి మేడమ్!" అని గుమాస్తా కేక వేశాడు. తిప్పింది. ఇసుక చివరి పోగు జారుతుండగా ఆవిడ నవ్వుతూ మీట నొక్కింది.

టిక్‌మంది. అంతే.

"తెగింది వదినా," అన్నాడు మరిది.

ఆవిడ తలుపువైపు తిరిగేసరికి టీచరమ్మ ఎదురుగా ఉంది. నడుం వంకర లేదు. పెన్ను మొన ముత్యాల మధ్య గుచ్చుకుంది.

"నువ్వు చంపినప్పుడు ఆయన నిద్రపోతున్నాడా?"

"మెలకువగానే ఉన్నాడు. ఎంత బతిమాలినా ఆ పదం చెప్పలేదు," అంది ముత్యాలావిడ. ఆవిడ కళ్ళలో చావు భయం లేదు, ఇంకేదో ఆకలి ఉంది. "నొక్కు. కానీ ముందు అదేంటో చెప్పు."

బొటనవేలు ఆగింది. ఎక్కడ పొడవాలో వడ్రంగిపిట్టకి అప్పుడు తెలిసింది. పెన్ను దించి జేబులో వేసుకుంది.

"చెప్పను," అంది. "ఎప్పటికీ."

*

కొన్నాళ్ళకి చీఫ్ కబురు పెట్టాడు. జైల్లో ముత్యాలావిడ ముఠా గుట్టంతా కక్కేసిందట. తిండి సరిగ్గా తినడం లేదట. గోడల నిండా ఆ నాలుగక్షరాలే గీస్తోందట. వచ్చినవాళ్ళందర్నీ ఒకటే అడుగుతోందట.

"నాకూ నిద్ర పట్టట్లేదమ్మా," చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇంతకీ ఆయన నీ చెవిలో చెప్పిన పదమేంటి?"

ఆమె పెన్ను మూత తిప్పి రిపోర్టు మీద సంతకం పెట్టింది.

"పాస్‌పోర్ట్ సార్. పాపం, ఆయన అంతకుమించి వెళ్ళలేకపోయాడు."