మొదటి రోజు పొగడకూడదు

ఆ శనివారం పొద్దున అనియెల్లో ఇంట్లో కాఫీ పొంగి స్టవ్వంతా పాడైంది. చూసుకోవాల్సిన కూతురు నున్జియా కిటికీ దగ్గర నిలబడి అన్నతో తగువు పడుతోంది మరి.

అన్న కతెల్లోది ఒకటే పోరు. కింద గదిలో తండ్రి మాండలిన్లు చేసే కార్ఖానా మూసేయాలి. తండ్రికి డెబ్భై ఆరేళ్లు. చక్కెర జబ్బు వేళ్ల కొసల్లో స్పర్శ లేకుండా చేసింది. పోయిన చలికాలం ఉలి దిగి అరచెయ్యి తెగితే, రక్తం కంటపడేదాకా ఆయనకు తెలియనే లేదు. అయినా పెద్దాయన వింటేగా! ఇప్పుడు చేస్తున్న మాండలిన్ నా కూతురి చేతికిస్తాను, వాయించి చూసి తను ఏమంటే అదే తీర్పు, బాగుందా నా జోలికి రావద్దు, బాగోలేదా నేనే మూసేస్తాను అన్నాడు.

నున్జియా సంగీత పాఠశాలలో మాండలిన్ నేర్పుతుంది. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా తండ్రి చేతి వాయిద్యం ఒక్కటీ ఆమెకు దక్కలేదు. అన్నీ బయటివాళ్లకే పోయాయి. ఇదే మొదటిది.

"నిజం చెప్పు, చాలు," అన్నాడు కతెల్లో. "ఈసారి ఏ వేలో తెగిపడేదాకా చూస్తూ కూర్చుందామా?"

"ఆ గది తీసేస్తే ఆయనకి మందుబిళ్లలు తప్ప ఏం మిగులుతుంది అన్నయ్యా?"

ఇక్కడ మా నేపుల్స్ సంగతి ఒకటి చెప్పాలి. మా సందులో కొత్త మాండలిన్‌ని మొదటి రోజు ఎవరూ పొగడరు, దిష్టి తగులుతుందని. నిక్షేపంలాంటి వాయిద్యానికే వంకలు పెడతాం. గొంతు లేవలేదంటాం, తీగలు మొండికేస్తున్నాయంటాం. ఆ తిట్లు విని చేసినవాడు మురిసిపోతాడు. ఎందుకూ కొరగానిదైతే మాత్రం, పాపం, బాగుందంటాం. దానికి దిష్టి తగిలినా పోయేదేముంది!

అనియెల్లో మెట్లెక్కి వచ్చాడు. పాత చొక్కాలో చుట్టిన మాండలిన్‌ని కూతురి ఒళ్లో పెట్టి, చేతులు రెండూ జేబుల్లో దాచుకున్నాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. వార్నిష్ వాసన ఇంకా పోలేదు. గుండ్రటి పొట్ట ఆమె పక్కటెముకలకు ఆనుకుని కుదురుగా కూర్చుంది. నున్జియా కళ్లు చెమర్చాయి. శ్రుతి చేసి మీటింది. సన్న తీగలు పలికాయి. మధ్య తీగల దగ్గరికొచ్చేసరికి ధ్వని దుప్పటి ముసుగేసుకున్నట్టు లోపలే ఉండిపోయింది. మళ్లీ మీటింది. మళ్లీ అంతే. తలెత్తితే తండ్రి తన ముఖంలోకే చూస్తున్నాడు.

"చాలా బాగుంది నాన్నా," అనేసింది.

అన్నాక గానీ తానేమందో తెలియలేదు. పుట్టినప్పటినుంచీ ఎరిగిన ఆనవాయితీని, జాలి ఒక్క క్షణంలో మరిపించింది. తీగలు కాస్త గట్టిగా ఉన్నాయనీ, శ్రుతి బిరడా సరిగ్గా తిరగట్లేదనీ గబగబా వంకలు వెతకబోయింది.

"ఆగు తల్లీ," అన్నాడు అనియెల్లో. "చేతులు పోయాయి గానీ నా చెవులు పోలేదు. నిన్ననే విన్నాను. నా చెవే పొరబడిందేమోనని చిన్న ఆశ, అంతే."

తానూ ఎందరి పనినో అలాగే పొగిడాననీ, ఇంటికెళ్లాక వాళ్లకెలా ఉండేదో ఇప్పుడు తెలిసిందనీ అన్నాడు. కతెల్లో కోరుకున్నది జరిగినా తలెత్తలేక, పొంగిన కాఫీని గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి తండ్రి నిజం చెప్పమన్నాడు. పై చెక్క మందంగా ఉండిపోయింది, మధ్య తీగలు మూసుకుపోయాయి అని ఏడుస్తూనే చెప్పింది. ఆయన తీగలు వదులు చేసి, ఆమె బొటనవేలు పట్టుకుని చెక్క మీద ఆనించాడు.

"నొక్కి చూడు. ఎక్కడ వంగట్లేదో చెప్పు. అక్కడ కాస్త చిత్రిక పడితే బతుకుతుంది."

నున్జియా ఇక్కడా అక్కడా నొక్కింది. చిన్నప్పుడు కార్ఖానాలోకి వస్తానని ఎన్నిసార్లు గుమ్మం పట్టుకుని ఏడ్చిందో! ప్రతిసారీ పైకి తరిమేశాడు. రమ్మన్న కొడుకేమో పారిపోయాడు. ఇప్పుడు తెలిసిన వేలికి స్పర్శ లేదు, స్పర్శ ఉన్న వేలికి తెలియదు.

"నాకు తెలియట్లేదు నాన్నా. అంతా ఒకేలా ఉంది."

"నేర్పాల్సింది," అన్నాడాయన. "వాయించే వేళ్లు, ఉలి పడితే పాడవుతాయనుకున్నాను." అంతవరకూ ఉగ్గబట్టుకున్న మనిషి, కూతురి చేతి మీద తల వాల్చి బావురుమన్నాడు.

నున్జియా ఆయన తల నిమిరింది. "నువ్వు చెప్పు, నేను నొక్కుతాను," అంది.

ఇద్దరూ సాయంత్రం దాకా అలాగే కూర్చున్నారు. ఆ చోటు మాత్రం దొరకలేదు.