మూడో పెట్టె గడియ

పొయ్యి మీద ఫూల్ కోసం పెట్టిన చిక్కుడు గింజలు ఇంకా ఉడుకుతుండగానే నుహాద్ పాముల గది తాళం తీసింది. రొట్టెలు వేడి చేస్తున్న దౌలత్ ఆ చప్పుడు విని పళ్ళు బిగించింది. పదిహేనేళ్ళు ఆ తాళంచెవి తన మెడలోనే ఉండేది. ఇప్పుడది తమ్ముడి భార్య మెడలో, పెళ్ళినాటి బంగారు గొలుసు పక్కన వేలాడుతోంది.

గీజా అవతల ఎడారి అంచున ఉన్న ఆ ఊళ్ళో దౌలత్ తండ్రి హాజీ మిత్వల్లీ ఇంటిని ఎరగనివారు లేరు. కైరో కాలేజీల్లో పిల్లలకు చూపించడానికి పాములు కావాలంటే ఆయన దగ్గరికే వస్తారు. ఇంట్లో పెంచేవన్నీ కోరలు దవడ లోపల వెనకెక్కడో ఉండే రకాలు. కరిచి వదిలేస్తే పెద్ద ప్రమాదం లేదు. పట్టుకుని నమిలితేనే విషం దిగి చెయ్యి మోచేతిదాకా వాస్తుంది. అయినా ఆయన దేన్నీ తేలిగ్గా తీసుకోడు. పెట్టె తెరిస్తే ఇద్దరుండాలి, ఎలుక వాసన ఉన్న చేత్తో దగ్గరికి పోకూడదు, మూత పెట్టగానే గడియ వెయ్యాలి. రోజూ పొద్దున పది గంటలకు తనే వచ్చి పాములు లెక్కపెట్టుకుంటాడు.

ఇవన్నీ దౌలత్ తొమ్మిదో ఏటే నేర్చుకుంది. తల్లి పోయిన ఏడాది తండ్రి ఆమెను బడి మానిపించి ఈ గదిలో పనికి పెట్టాడు. పాముల కళ్ళు మసకబారడం చూసి ఏది కుబుసం విడవబోతోందో ఇట్టే చెప్పేది. నిరుడు లైసెన్సు అధికారులు వచ్చి, ఇకమీద ప్రతి పాము సంగతీ రోజూ రిజిస్టరులో రాయాలన్నారు. బడిలో నేర్చిన నాలుగక్షరాలూ దౌలత్ ఎప్పుడో మరిచిపోయింది. కైరోలోని షుబ్రా నుంచి వచ్చిన కోడలు డిప్లొమా చదివింది. ఆ సాయంత్రమే తాళంచెవి చేతులు మారింది.

అప్పటినుంచి దౌలత్‌కు మరదలు ఏం చేసినా కంటగింపే. వచ్చినవాళ్ళకల్లా తండ్రి రిజిస్టరు తెరిచి, ఒక్క కొట్టివేతైనా ఉందేమో చూడండని మురిసిపోతుంటే ఆమె అక్కణ్ణించి లేచిపోయేది. నుహాద్ ఎప్పుడు తప్పు చేస్తుందా అని కాచుకుని ఉండేది.

ఆ ఉదయం తప్పు దొరికింది. ఇద్దరూ కలిసి పెట్టెలు శుభ్రం చేస్తుండగా నుహాద్ ఫోను మోగింది. మూడో పెట్టెకు మూత పెట్టిందిగాని గడియ వెయ్యకుండానే బయటికి వెళ్ళిపోయింది. అందులో ఉన్నది ఇసుకరంగు పాము, నాగుపాము కాకపోయినా అలాగే పడగ విప్పుతుంది. దౌలత్ చెయ్యి గడియ దాకా వెళ్ళి ఆగింది. పదింటికి నాన్నే చూస్తాడు, ఆయన నోటితోనే నాలుగు మాటలు పడనీ అనుకుని, బకెట్టు పట్టుకుని వంటింట్లోకి వచ్చేసింది.

తండ్రికంటే ముందే నుహాద్ రిజిస్టరు కోసం మళ్ళీ గదిలోకి వెళ్ళింది. మూత పక్కకు నెట్టుకుని బయటపడిన పాము బల్ల మీద పుస్తకం వెనకాల చుట్టుకుని ఉంది. చూడకుండా చెయ్యి చాచింది. ఆమె కేక విని దౌలత్ పరుగెత్తేసరికి పాము బొటనవేలి మొదలు పట్టుకుని నములుతోంది.

దౌలత్ దాన్ని లాగలేదు. లాగితే పళ్ళు విరిగి కండలోనే ఉండిపోతాయి. పాము తల పట్టుకుని, చదునైన పుల్ల నోటి మూలన దూర్చి దవడ పైకెత్తి వదిలించింది. పామును పెట్టెలో వేసి గడియ బిగించింది. వాపు రాకముందే నుహాద్ గాజులు, ఉంగరం సబ్బు రాసి తీసేసి, చెయ్యి కడిగి, కదలకుండా కట్టి, తమ్ముడిని కారు తెమ్మంది.

ఒకరోజు ఉంచి చూడాలన్నారు ఆసుపత్రిలో. మంచం పక్కన కూర్చున్న మామగారితో, గడియ మరిచింది తనేనని నుహాద్ చెప్పేసింది. మిత్వల్లీ కోడలి దగ్గరున్న తాళంచెవి తీసుకుని కూతురి ముందుకు చాచాడు.

"పదిహేనేళ్ళలో నువ్వొక్క రోజూ మరవలేదమ్మా. ఇది నీదే."

ఏడాదిగా ఆమె కోరుకున్నది అదే. అందుకోవడానికి చెయ్యి లేవలేదు.

"గడియ పడలేదని నేను పొద్దున్నే చూశాను నాన్నా. తను తిట్లు తినాలని ఊరుకున్నాను."

ముసలాయన ముఖం నల్లబడింది. ఎందుకు చేశావని మెల్లగా అడిగాడు.

"బడి మానిపించి నాకా గది ఇచ్చావు. బడికెళ్ళిన మనిషి రాగానే ఆ గదీ తీసేసుకున్నావు. ఇంక నాకేం మిగిల్చావు?"

ఆయన తలపాగా అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు. నుహాద్ గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చాక మూడురోజులు ఆమె దౌలత్‌తో మాట్లాడలేదు. నాలుగోరోజు, దౌలత్ పప్పులో రాళ్ళు ఏరుతుంటే, మెడకు కట్టిన చేత్తో వచ్చి పక్కన కూర్చుంది. చంకలో రిజిస్టరు ఉంది.

"నీ మీద నాకింకా కోపం పోలేదు వదినా."

"పోకూడదు కూడా."

"నీకు తెలియనిదొకటి చెప్పనా? మామయ్య నీ ముందు నా రాత పొగుడుతాడు. నా ముందు, దౌలత్ అయితే చప్పుడు వినే చెప్పేది, దౌలత్ అయితే కళ్ళు చూసే చెప్పేది అంటాడు. ఏడాదిగా రోజూ ఇదే పాట. నువ్వెప్పుడు పొరపడతావా అని నేనూ చూశాను. నువ్వు పొరపడవు. నాకదే మంట."

దౌలత్ జల్లెడ కింద పెట్టింది. మరదలి వాచిన చేతిని ఒళ్ళోకి తీసుకుంది. నుహాద్ లాక్కోలేదు.

కాసేపటికి నుహాద్ రిజిస్టరు తెరిచి కలం ఆమెకిచ్చింది. కాటు సంగతి రాయాలని, తన చెయ్యి పనిచేయదని, అక్షరాలు చెబుతానని అంది. దౌలత్ వద్దంటూనే పట్టుకుంది. మొదట తన పేరు. అందులో తొలి అరబ్బీ అక్షరం 'దాల్'కే నుదుట చెమట పట్టింది. నుహాద్ ఎడమచేత్తో ఆమె వేళ్ళు పట్టి నడిపించింది. ముప్ఫై ఏళ్ళ కిందట ఆగిపోయిన గీత వంకరటింకరగా ముందుకు సాగుతుంటే దౌలత్ కళ్ళు నిండిపోయాయి.

"పుస్తకం మీద పడనీకు, సిరా అలుక్కుపోతుంది. రాశాక ఇద్దరం ఏడుద్దాం" అంది నుహాద్.

ఒక్క వాక్యానికి అరగంట పట్టింది. 'గడియ పడలేదు, దౌలత్ చూసింది.'