డ్యూటీ దిగిన చిన్నకోడలు

"ఇంట్లో వంటగది చాల్లేదా అమ్మాయ్, ఓడలో వంటగది చూడ్డానికి టికెట్ కూడా కొన్నావు?"

ఆ మాట అని బావగారు తన జోకుకి తనే ముందు నవ్వాడు. ప్లీడరు కదా, ఎదుటివాళ్ళు నవ్వేదాకా ఆగే అలవాటు లేదు. ఆడపడుచు కూడా నవ్వింది. మొగుడు నవ్వలేదు, అలాగని అన్నగారిని ఆపనూ లేదు. కిటికీ అద్దంలోంచి సముద్రాన్ని చూస్తూ, అక్కడెవరో తనని పిలుస్తున్నట్టు నిలబడ్డాడు. చిన్నకోడలు మాత్రం తలెత్తలేదు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అత్తగారి ఎడమకాలికి మేజోడు తొడుగుతోంది. పక్షవాతం పడిన కాలు. ఎవరో ఒకరు ఎత్తితేనే లేస్తుంది. ఎత్తే ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఈమే!

అమ్మ గండం గట్టెక్కినందుకు పిల్లలు ముగ్గురూ కలిసి వేసిన విహారయాత్ర ఇది. పెద్దకోడలికీ అల్లుడికీ సెలవు దొరకలేదు. చిన్నకోడలికి సెలవు దొరికిందా అని ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు? ఆమె సెలవు మీద రాలేదు, పని మీద వచ్చింది. ఓడంటే ఓడ కాదు, ఊరు. ఈతకొలనులూ నాటకశాలలూ బజారూ అన్నీ ఉన్నాయట. "ఉన్నాయట" అనే అంటున్నాను, ఎందుకంటే ఆమె చూసింది ఆ గదినీ, స్నానాల తొట్టినీ, చక్రాల కుర్చీ పట్టే నడవనీ మాత్రమే. మిగతావాళ్ళు తిరిగి తిరిగి వచ్చి, "అబ్బ, నువ్వు కూడా రావల్సింది" అని జాలిపడేవారు. ఆ జాలి వింటే ఒళ్ళు మండుతుంది! రావల్సింది అనేవాడు, నువ్వు వెళ్ళు నేను కూర్చుంటాను అనడేం?

"అమ్మ నీ చేత్తో పెడితే తప్ప తినదు." ఇది ఆ ఇంట్లో ఆమెకిచ్చే బిరుదు. ఇచ్చేవాడికి పైసా ఖర్చు లేని జీతం పొగడ్త. చదివే అమ్మలారా, మీలో ఎంతమంది ఆ జీతం మీద బతుకుతున్నారో నాకు తెలుసు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. చెవులు వినపడని పిల్లలకి చదువు చెప్పే బడి ఒకటి వేరే ఊళ్ళో ఉంది. అక్కడ ఆరునెలలు ఉండి నేర్చుకుంటే టీచరు ఉద్యోగం. పెళ్ళికి ముందు ఆమె ఆ పిల్లలతో పనిచేసింది. చేతులతో మాట్లాడడం వచ్చు. పోయినేడు సీటు వస్తే అత్తగారు పడిపోవడంతో వదులుకుంది. మళ్ళీ వచ్చింది. ఓడ ఒడ్డు చేరేలోగా వస్తున్నదీ లేనిదీ చెప్పాలి. ఇంట్లో ఎవరైనా వద్దన్నారా? అబ్బే! "తప్పకుండా వెళ్ళు, నిన్నెవరు పట్టుకున్నారు" అని ముగ్గురూ అన్నారు. అమ్మని ఎవరు చూస్తారంటే మాత్రం "చూద్దాంలే" అన్నారు. వద్దన్న మాటకి ఎదురు తిరగొచ్చు. చూద్దాంలే అన్న మాటకి ఎక్కడని తిరుగుతావు?

ఆమె టికెట్ కొనడానికి అసలు కారణం గది ఊడ్చే మనిషి. మొదటి రెండ్రోజులు వచ్చినావిడని వేరే అంతస్తుకి మార్చారు. మూడోరోజు కొత్తమ్మాయి వచ్చింది. రావడంతోటే అత్తగారి ఎడమచేతి కింద దిండు పెట్టింది, ఘాటువాసన సబ్బు తీసేసింది, మంచినీళ్ళ గ్లాసు కుడిచేతి వైపుకి జరిపింది. చిన్నకోడలు నోరు తెరుచుకుని చూసింది. నీకెలా తెలుసమ్మా అంటే, ముందున్నావిడ పని అప్పజెప్పేటప్పుడు చెప్పింది, అంది ఆ పిల్ల, ఇందులో వింతేముందన్నట్టు. ఆ దిండు సంగతి చిన్నకోడలు ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో! కన్నపిల్లలు ముగ్గురిలో ఒక్కరికీ గుర్తుండదు. నిన్న వచ్చిన పరాయిపిల్ల ఒక్కసారి విని చేసింది. ఈ ఓడలో పని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఎలా వెళ్తోందో కళ్ళారా చూడాలనిపించింది. ప్రయాణికులకి ఓడ లోపలి భాగాలు చూపించే టూర్ ఉందని, దానికి విడిగా టికెట్ తీసుకోవాలని ఆ పిల్లే చెప్పింది. కొనేసింది.

"బావగారూ, మధ్యాహ్నం దాకా నేనుండను," అంది మేజోడు సర్ది లేచి. "జావ ఫ్లాస్కులో ఉంది. నీళ్ళలో చిక్కదనం పొడి కలపాలి. అత్తయ్యకి..."

"మాకు తెలీదా ఏంటి, మా అమ్మేగా," అంది ఆడపడుచు ఫోను లోంచి తల తిప్పకుండా. బ్యాంకు మేనేజరు. అరవైమందికి పని చెప్పే మనిషి.

చిన్నకోడలు ఇంకేదో చెప్పబోయి, ఆగిపోయి, బయల్దేరింది. మూసిన బూట్లుంటే తప్ప కిందికి రానివ్వరు. ఆమె దగ్గరున్నవి చెప్పులే. ఆడపడుచు పరుగుబూట్లు గుమ్మం దగ్గర కనిపిస్తే తొడుక్కుంది. అడగలేదు. ఒక సైజు పెద్దవి, నడుస్తుంటే టపటపమన్నాయి. ఆమె వెనక్కి చూడలేదు.

టూర్ మొదట్లోనే ఫోన్లు తీసుకుని పెట్టెలో పెట్టేశారు. లోపల ఫొటోలు కూడదట. పెళ్ళయ్యాక ఎవరూ పిలవలేని చోట నిలబడడం అదే మొదలు.

"సిబ్బందికి మాత్రమే" అన్న తలుపు తీశారు. అవతల తివాచీ లేదు, పాట లేదు, పూలకుండీ లేదు. తెల్లరంగు వేసిన ఇనపగోడలు, నెత్తిమీద గొట్టాలు, ఎదురొచ్చే బళ్ళు, తప్పుకోండి తప్పుకోండి అనే కేకలు. పైన తిని పారేసే వైభవమంతా ఇక్కడ పుట్టి ఇక్కడికే కంపుకొడుతూ తిరిగొస్తోంది! లాండ్రీలో దుప్పటి మడతపెట్టే మిషను నాలికలా దుప్పట్లు చాపుతోంటే ఇద్దరు మనుషులు అందుకుంటున్నారు. వాళ్ళ మొహాలు ఎర్రగా ఉడికిపోయి ఉన్నాయి. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన "ఆహా, ఎంత శుభ్రం" అన్నాడు. చిన్నకోడలు శుభ్రం చూడలేదు. ఒకామె భుజం తట్టగానే ఇంకొకామె పక్కకి తప్పుకుని, చెయ్యి తుడుచుకుని, గడియారం కేసి చూడనైనా చూడకుండా వెళ్ళిపోవడం చూసింది.

చివరికి ఇంజన్ల కంట్రోల్ రూము. వాళ్ళు వెళ్ళేసరికి డ్యూటీ మారుతోంది. బల్ల ముందు బండగా, పెద్దగా ఉన్న ఇంజనీరు. అతన్ని డ్యూటీ నుంచి దింపడానికి వచ్చింది అతని భుజం దాకా కూడా రాని అమ్మాయి. అతను ఒక్కొక్కటీ చెప్పాడు. ఏ పంపు వేడెక్కుతోందో, ఏ చప్పుడు మామూలో, ఏ చప్పుడొస్తే పరిగెత్తాలో. ఆ అమ్మాయి ప్రతిమాటా తిరిగి పలికింది. రెండు ప్రశ్నలడిగింది. తనే వెళ్ళి మీటర్ల ముళ్ళు చూసుకుని వచ్చింది. అప్పుడు బల్ల ముందు నిలబడి గట్టిగా అంది, "డ్యూటీ నేను తీసుకున్నాను." అంతే. ఆ కొండంత మనిషి కుర్చీ వదిలి, టీ కప్పు పట్టుకుని, ఈలేసుకుంటూ పోయాడు.

టోపీ ముసలాయనకి అనుమానం వచ్చింది. ఈ అమ్మాయి తప్పు చేస్తే ఆయన వచ్చి సర్దుతాడా అని అడిగాడు. టూర్ చూపించే అమ్మాయి చెప్పింది, పిలిస్తే వస్తాడు, పిలవకుండా వచ్చి చెయ్యి పెడితే తప్పు ఆయనది, అప్పుడు డ్యూటీ ఎవరిదో ఇద్దరికీ తెలీదు, ఓడకి అంతకన్నా ప్రమాదం లేదు.

చిన్నకోడలికి తన ఇల్లు గుర్తొచ్చింది. మొగుడు చెంచా పట్టుకున్న రోజులు లేకపోలేదు. "అలా కాదండీ, ఇటివ్వండి" అని లాక్కున్నది ఎవరు? ఆడపడుచు తలదువ్వితే మళ్ళీ విప్పి దువ్వింది ఎవరు? వాళ్ళు తీసుకోలేదు, నిజమే... తను మాత్రం ఎప్పుడు ఇచ్చింది?

ఆమె చెయ్యెత్తింది. "ఒకవేళ ఎవరూ తీసుకోకపోతే?"

టూర్ అమ్మాయి బల్ల దగ్గరి ఇంజనీరమ్మాయిని అడిగి వచ్చింది. "తీసుకున్నానని నోటితో అనేదాకా ఉన్నవాళ్ళు దిగకూడదు. ఆ రావల్సినవాళ్ళు రాకపోతే తప్పు రానివాళ్ళదే, ఉన్నవాళ్ళది కాదు."

పైకొచ్చి ఫోను తీసుకుంటే అందని పిలుపులు బారులు తీరి ఉన్నాయి. పెద్దబూట్లతో ఆ మెట్లన్నీ ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. గది తలుపు తీసే ఉంది. ఓడ డాక్టరు బయటికొస్తూ, ఊపిరితిత్తుల్లోకి ఏమీ పోలేదు, కాసేపు కూర్చోబెట్టి ఉంచండి అన్నాడు. అత్తగారు దిళ్ళకి ఆనుకుని ఉంది. కళ్ళు ఎర్రగా, పెదవులు తెల్లగా. ఆడపడుచు మూల కూర్చుని ఏడుస్తోంది. అమ్మకి దాహం అంటే గ్లాసుడు నీళ్ళు తల వెనక్కి వంచి పోసిందట. పొడి కలపలేదు. పల్చటి నీళ్ళు కొరబోయి ఊపిరాగినంత పనైందట...

"ఎక్కడికి పోయావు?" అని మొగుడు అరిచాడు. "అమ్మ పోయేది తెలుసా నీకు?"

"ఇంక ఆ ట్రైనింగ్ ఊసెత్తకు," అన్నాడు బావగారు, తీర్పు చెప్పేసినట్టు. "ఒక్కపూట నువ్వు లేకపోతే ఏమైందో చూశావుగా."

వేరే రోజైతే అక్కడితో అయిపోయేది. అత్తగారి కాళ్ళ మీద పడి, నాదే తప్పు, ఇంకెక్కడికీ వెళ్ళను అని ఏడ్చేది. ఈ దేశం ఆ దేశం అని లేదు, ఏ ఇంట్లోనైనా కథ అక్కడే ముగిస్తారు! ఏడుపొచ్చింది. రానిచ్చింది. చేతులు కడుక్కుని, అత్తగారి మెడ వెనక తడి తుడిచి, వాళ్ళవైపు తిరిగింది.

"చూశాను బావగారూ. నేను ఒక్కపూట లేకపోతే ఆవిడ ప్రాణం మీదికొచ్చింది. రేపు నాకే జ్వరమొస్తే? నలుగురం ఉన్నాం. నీళ్ళు తాగించడం నా ఒక్కదానికే వచ్చు. మీరు దాన్ని ప్రేమంటున్నారు. నేను ప్రమాదం అంటున్నాను."

"మేం చెయ్యమన్నామా..." అని ఆడపడుచు మొదలెట్టింది.

"అన్నారు వదినా. చూద్దాంలే అంటే నువ్వే చెయ్యి అనేగా. నేనూ మీ చేతిలో చెంచా నిలవనివ్వలేదు, ఆ తప్పు నాది. ఇవాళ్టితో అది ఆపేస్తున్నాను. నాకు ఆరునెలలు కావాలి. దొంగతనంగా పారిపోను, అప్పజెప్పి వెళ్తాను. ఎవరు తీసుకుంటారో నోటితో చెప్పండి."

"అప్పజెప్పడానికి ఆవిడేమన్నా ఇంజనా?" అన్నాడు బావగారు. "తల్లమ్మా!"

"తల్లి కాబట్టే అడుగుతున్నాను. ఇంజను ఆగితే ఇంకోటి తెచ్చుకుంటారు."

మంచం మీంచి అత్తగారు ఏదో అంది. మాట ముద్దగా వస్తుంది ఆవిడకి. అందరూ చిన్నకోడలి మొహం చూశారు, తర్జుమా చెయ్యమన్నట్టు. ఆమె చెప్పలేదు. "మీరే వినండి," అంది. ముగ్గురూ దగ్గరికి వంగారు. అత్తగారు మళ్ళీ అంది, మరోసారి అంది. మూడోసారికి మొగుడికి అందింది.

"చెప్పనీ, అంటోంది," అన్నాడు నెమ్మదిగా.

అప్పుడు చెప్పింది. గడ్డం కిందికి దించి ఉంచాలని, ఎడమబుగ్గకి స్పర్శ లేదు కాబట్టి చెంచా కుడిపక్కనుంచి పెట్టాలని, గొంతు కదిలి మింగేదాకా రెండో చెంచా ఎత్తకూడదని, చిన్నదగ్గు మామూలేనని, దగ్గు ఆగి గురక వస్తే ముందుకి వంచాలని. రాత్రి ఎటు తిప్పి పడుకోబెట్టాలో, స్నానం చేయించేటప్పుడు ఆవిడ సిగ్గుపడకుండా దుప్పటి ఎక్కడ కప్పాలో. చెప్పి ఊరుకోలేదు. ముగ్గురి చేతా తిరిగి చెప్పించింది. బావగారు ఎడమ కుడి రెండుసార్లు తప్పాడు. ఆడపడుచు ప్రశ్నలడగడం మొదలెట్టింది, మంచి ప్రశ్నలు. మొగుడు అన్నీ విని తలొంచుకున్నాడు.

"ఇన్ని ఉన్నాయా," అన్నాడు. "ఒకే ఇంట్లో ఉండి... ఒక్కటీ అడగలేదు నిన్ను."

ఫర్నిచర్ షాపులో బీరువా ఒంటిచేత్తో జరిపే మనిషి. జావ చెంచాని మాత్రం రెండుచేతులతో పట్టుకున్నాడు. పెళ్ళాం వైపు చూశాడు. ఆమె ఇటివ్వండి అనలేదు.

"నేను తీసుకున్నాను," అన్నాడు.

చిన్నకోడలు మంచం అంచున కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అంత కష్టమైన పని ఆమె జన్మలో చెయ్యలేదు. మొదటి చెంచా బాగానే పోయింది. రెండోది తొందరపడ్డాడు. జావ ఎడమవైపు కారింది, అత్తగారు దగ్గింది... ఆ దగ్గు వింటే ఆమె చేతులు ఆమె మాట వినవు. చెయ్యి లేచిపోయింది, చెంచా దాకా వెళ్ళిపోయింది.

గాలిలోనే దాన్ని ఎవరో పట్టుకున్నారు.

అత్తగారు. మంచి చెయ్యి, కుడిచెయ్యి. కోడలి మణికట్టు పట్టుకుని కిందికి లాగి, పరుపుకేసి అదిమి పెట్టింది. ఆ ముసలిచేతిలో ఇంకా అంత బలం ఉందని ఎవరికీ తెలీదు. దగ్గుతూనే కొడుకు కేసి నోరు తెరిచింది, పెట్టు అన్నట్టు. కొడుకు ఆగాడు. గొంతు కదిలేదాకా చూశాడు. కుడిపక్కనుంచి పెట్టాడు. ఆవిడ మింగింది.

చిన్నకోడలి చేత్తో పెడితే తప్ప తినదన్నారే! ఆవిడకి కావల్సింది ఆ చెయ్యి కాదు, ఓపిక. ఎవరు చూపిస్తే వాళ్ళ దగ్గర తింటుంది.

"ను... వ్వు... దిగు," అంది కోడలితో. ఈసారి తర్జుమా ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదిమిన చేత్తోనే కోడలి చేతిని నిమిరి, వదిలేసింది. "ఇన్నాళ్ళూ... ఒక్క... దానివే."

చిన్నకోడలు లేచి నడవలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఫోను తీసి బడికి చేసింది. అవతలి గొంతు పేరూ వివరాలూ అడిగి, ఈసారి తప్పకుండా వస్తారా, పోయినసారి ఇలాగే ఆగిపోయారు, అంది. "వస్తున్నాను," అంది చిన్నకోడలు. "ఈసారి ఆగను."

లోపల అత్తగారు మళ్ళీ దగ్గింది. ఈమె పాదం తనంతట తనే తలుపువైపు తిరిగింది. గోడ పట్టుకుని నిలబడింది.

"కుడిబుగ్గ రా తమ్ముడూ, కుడిబుగ్గ," ఆడపడుచు గొంతు. "అన్నయ్యా, నువ్వు దిండు పట్టుకో, అలా చూస్తూ నిలబడకు."

దగ్గు ఆగింది. చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు. కాసేపటికి ఇంకోసారి తగిలింది.

చిన్నకోడలు గోడ వదిలి, పైకి వెళ్ళే మెట్లవైపు నడిచింది.