గుండీల డబ్బాలో దాగిన మాట

తొమ్మిదయ్యేసరికి ముందుగదిలో కుట్టుమిషను టకటకలాడితే గాని ఆ ఇల్లాలికి తెల్లవారినట్టుండదు. ముప్ఫై ఏడేళ్లుగా ఆ చప్పుడు వింటూనే వండింది, కొడుకుని పెంచింది, మొగుడితో పోట్లాడింది. ఆ పొద్దున మాత్రం మిషను నాలుగు కుట్లు వేసి ఆగింది. మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది. ఆవిడ గరిటె అక్కడే పడేసి పరుగెత్తింది.

టైలరుగారు గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. నుదుటి నిండా చెమట.

"మళ్లీ అదేనా అండీ?"

"కుట్టు తప్పుతోందే," అన్నారాయన నవ్వబోతూ. "మిషనుది కాదు, నాది."

ఆఫీసుకు బయల్దేరబోతున్న కొడుకు బూట్లు విప్పేశాడు. "ఇంక నావల్ల కాదమ్మా. ఈ మిషను ఎవరికైనా ఇచ్చేద్దాం. అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాన్న ఒక్కచోట పడుకోరు."

"అది లేకపోతే నేను లేచి మాత్రం ఏం చెయ్యాలిరా?" అన్నారు టైలరుగారు. ఆ గొంతు విని ఇల్లాలి ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు నోరు విప్పింది కోడలు. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని ఆ పిల్లది. మావగారు ముద్దుగా పెట్టిన పేరు సూదమ్మ. అత్తగారికి మాత్రం ఆ అమ్మాయంటే ఒళ్లుమంట. కాపురానికొచ్చిన వారంలోనే, "అత్తయ్యా, కాస్త కారం తగ్గిస్తారా?" అని అడిగింది మరి. తన వంటకు వంక పెట్టిన మొదటి మనిషి! ఆ మాట రెండేళ్లయినా మింగుడుపడలేదు ఆవిడకి.

"మావయ్యా, రక్తంలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పుతోందని నెల నుంచి ఆ మందు తాగుతున్నారు. అయినా రిపోర్టులో పెరగట్లేదు. పోసింది పోసినట్టే పోతోంది. మెగ్నీషియం కూడా చూడాలనిపిస్తోంది నాకు. మీరు వేసుకునే మాత్రలన్నీ ఒకసారి చూపించండి."

"తెలిసినవేగా. బీపీది, ఒంట్లో నీరు తీసేది."

"డాక్టరు రాయనివి?"

ఆయన చూపు గుండీల డబ్బా మీదికి పోయి గబుక్కున తిరిగొచ్చింది. ముప్ఫై ఏడేళ్ల కాపురం, ఆ మాత్రం కనిపెట్టదా ఇల్లాలు? వెళ్లి మూత తీసింది. చొక్కా గుండీల అడుగున, కడుపులో మంటకు వేసుకునే మాత్రల అట్టలు దొంతరగా ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఐదేళ్లేమో. రోజూ పొద్దున్నే ఒకటి."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నువ్వు కొసరి కొసరి వడ్డిస్తావు. అది తిని కడుపు మండుతోందని ఏ మొహంతో అనను?"

ఆవిడ చర్రున కోడలి వైపు తిరిగింది. "విన్నావుగా! ఆయన గుండెకు చేటు తెచ్చింది నా చెయ్యే! ఇదేగా నువ్వనేది?"

"కాదత్తయ్యా," అంది కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని. "డాక్టరుకి తెలియకపోవడమే అసలు చిక్కు. గుండె కండరంలో ఒక్కో కణంలోకీ కాల్షియం వెళ్లి బిగుసుకోమంటుంది. చాల్లే, ఇక వదులు అని దాన్ని అదుపులో పెట్టేది మెగ్నీషియం. కణంలో పొటాషియం నిలవాలన్నా అదుండాలి. ఈ మాత్రలు ఏళ్లతరబడి వాడితే కొందరికి మెగ్నీషియం పడిపోతుంది. నీరు తీసే మాత్ర కూడా తోడైతే మరీను."

టైలరుగారు మిషను మీద దారం బిగువు సరిచేసే మరను వేలితో తట్టారు. "ఇది చెడితే కుట్టు తప్పుతుంది. మనం దీన్ని ముట్టుకోకుండా కొత్త దారం ఎక్కిస్తూ కూర్చున్నామన్నమాట."

"అంతే మావయ్యా. పదండి, ఇప్పుడే వెళ్దాం."

కోడలి అనుమానమే నిజమైంది. మెగ్నీషియం బాగా తగ్గిపోయిందన్నాడు డాక్టరు. వెంటనే సెలైనులో ఎక్కించి, ఆ మంట మాత్రలు ఆపించాడు. మూడోరోజుకి పొటాషియం కూడా దారికొచ్చింది. "ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేది," అన్నాడు. మిషను ఊసు కొడుకు మళ్లీ ఎత్తలేదు.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున ఆవిడ గరిటెతో కాస్త కూర తెచ్చి కోడలి ముందు పెట్టింది. "రుచి చూడు. కారం సరిపోయిందా?"

"బ్రహ్మాండంగా ఉందత్తయ్యా."

"మొహమాటానికి చెప్పకు. ఈ ఇంట్లో మొహమాటం మీ మావయ్య ఒక్కరితో సరి."

కోడలు ఫక్కున నవ్వింది. ముందుగదిలో టైలరుగారు ఆ పిల్ల కోసమే ల్యాబులో వేసుకునే తెల్లకోటు కుడుతున్నారు. దానికి గుండీలు తనే కుడతానని పట్టుబట్టి డబ్బా ముందేసుకుంది ఇల్లాలు. ఇప్పుడందులో గుండీలు తప్ప ఏమీ లేవు. సూదిలో దారం ఎక్కిద్దామంటే కళ్లు మసకబారాయి.

"నేను నొచ్చుకుంటానని ఆయన ఐదేళ్లు దాచారు. నేను నొచ్చుకున్నా సరేనని నువ్వు అడిగావు. నిన్నేనా తల్లీ, నేను రెండేళ్లు దూరం పెట్టింది?"

కోడలు ఆవిడ చేతిలోంచి సూది అందుకుని, దారం ఎక్కించి ఇచ్చింది. ముందుగదిలో మిషను ఎక్కడా ఆగకుండా నడుస్తోంది.