గుంటలో నిలిచిన నలుపు

కార్ల షెడ్డులో అందరూ అతన్ని గుండు పెయింటరు అంటారు. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు, పనిలో ఒక్క వంక లేదు. పాత పూతలన్నీ గీకి, రేకు తళతళలాడేదాకా శుభ్రం చేయందే ప్రైమర్ డబ్బా మూత కూడా తీయడు. ఆ నియమం జీవితంలో ఒక్క కారుకే తప్పాడు. ఆ కారే నిన్న మళ్లీ వచ్చింది.

ఐదేళ్ల కిందట దాని ఓనరు "కుక్క అడ్డమొచ్చింది" అన్నాడు. బానెట్ మీది గుంటలో అతుక్కున్న పొడవాటి వెంట్రుకలు కుక్కవి కావని పెయింటరుకి చూడగానే తెలిసింది. ముట్టుకోవడానికి చెయ్యి రాక వాటి మీదే పుట్టీ మెత్తి, ప్రైమర్ కొట్టి, నోరు మూసుకున్నాడు. ఆ వారమే వీధి గోడల మీద తప్పిపోయిన ఒకామె ఫోటో అంటించారు. అది కనబడినప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది.

ఇప్పుడా కారుకి కొత్త రంగు వేయాలి. పుట్టీ గీకితే లోపలిది బయటపడుతుంది. బయటపడితే జైలే. అందుకే గీకకుండా, పాత పూత మీదే మళ్లీ మందంగా ప్రైమర్ కొట్టాడు.

ఈ మధ్యాహ్నం అది ఆరింది.

"ఒరేయ్, దుమ్ము లేస్తుంది, ఇటు రాకు" అని తన దగ్గరే పనిచేసే బావమరిదికి చెప్పి షట్టరు దించేశాడు. ప్రైమర్ మీద పలచగా నల్లపొడి చల్లి, తడిపిన గరుకు కాగితంతో రుద్దాడు. చదునుగా ఉన్నచోట నలుపు పోతుంది, గుంట ఉంటే అందులో నిలిచిపోతుంది.

నిలిచింది. గుండ్రంగా... మనిషి నుదురంత.

గట్టిగా రుద్దాడు. బూడిదరంగు బురద కారాల్సింది పోయి చీమిడిలా సాగింది. కుళ్లిన మాంసం కంపు గుప్పున కొట్టింది. వేళ్లకి ఏదో చుట్టుకుంది. వెంట్రుక! లాగాడు. వస్తూనే ఉంది... తడిగా... గోరువెచ్చగా... ప్రైమర్ మీద మాత్రం చిన్న బీట కూడా లేదు.

"మెల్లగా... నొప్పెడుతోంది..."

బానెట్ లోపలి నుంచే.

"తల్లీ, నేను చంపలేదు" అన్నాడు.

"కప్పింది నువ్వేగా..."

కళ్లు గట్టిగా మూసుకుని, మాట ఆగేదాకా రుద్దాడు. ఆగింది. పరుగెత్తి మూలనున్న సింకులో భళ్లున కక్కుకున్నాడు.

వెనక షట్టరు లేచిన చప్పుడు. "అబ్బ! ఏం చేశావు బావా? గుంట జాడే లేదు!" బావమరిది బానెట్ నిమురుతున్నాడు.

పెయింటరు మొహం కడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. దుమ్మంతా పోయింది. నుదుటి మీద ఒకచోట మాత్రం నలుపు నిలిచింది. సబ్బుతో రుద్దాడు. పోలేదు.

వేలు పెట్టి చూశాడు. వేలు లోపలికి దిగింది. నొప్పి లేదు. అడుగున ఏదో తగిలితే మెల్లగా పైకి లాగాడు.

పొడవాటి వెంట్రుక. తడిగా ఉంది.