ఇదిగోగారు అడగని మాట

"మీ రిపోర్టు ఏదండీ?"

"ఇదిగో, వచ్చేస్తోందండి."

ఆ ఆఫీసు రెండో అంతస్తులో ఈ రెండు మాటలూ పద్నాలుగు నెలలుగా రోజూ వినిపిస్తున్నాయి. అడిగేది ఆమె, చెప్పేది అతను. అందుకే అందరూ కలిసి అతనికి 'ఇదిగోగారు' అని పేరు పెట్టేశారు. ఆమెకూ ఒక పేరుంది, 'తొంభైగారు' అని. ఆ పేరు వెనక పెద్ద కథే ఉంది.

బడిపిల్లలకు కళ్ళు పరీక్షించి, ఉచితంగా కళ్ళజోళ్ళు ఇచ్చే సంస్థ అది. విరాళాల మీద నడుస్తుంది. ఆమె అక్కడ ప్రాస్పెక్ట్ మేనేజర్. విరాళం ఇవ్వగలిగినవాళ్ళు ఎవరెవరున్నారో వెతికి జాబితా తయారుచెయ్యడం, ఎవరి దగ్గరికి ఎవరు వెళ్ళాలో పంచడం, వెళ్ళినవాళ్ళు ఇంకా పలకరింపుల దగ్గరే ఉన్నారా, అడిగేదాకా వచ్చారా అని కనిపెట్టి ఉండడం ఆమె పని. మనుషుల్ని కలిసేది ఫీల్డువాళ్ళు. కలిసిన రెండు రోజుల్లో రిపోర్టు రాసి తీరాలి. తొంభై రోజులపాటు ఒక్క అడుగు కూడా ముందుకు పడకపోతే ఆ పేరు తీసేసి ఇంకొకరికి ఇచ్చేస్తుంది. కాళ్ళావేళ్ళా పడినా వినదు.

అలాంటి మనిషి ఇదిగోగారికి మాత్రం ఒకే పేరు మీద నాలుగుసార్లు గడువు పొడిగించింది. ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆమెకే తెలియదు. తెలియనట్టు నటించడం బాగా అలవాటైపోయింది.

ఆ పేరు బస్సులావిడది. ముప్పై బస్సులకు యజమానురాలు. సంస్థ వ్యాను ముసలిదైపోయింది, బడులకు వెళ్ళడానికి ఒక బస్సు కావాలి. అడగవలసింది అంతే. అడగడానికి వెళ్ళిన పెద్దమనిషే ఇదిగోగారు.

"ఇది చూడండి," అంటూ ఆ సోమవారం ఆమె కాగితం అతని ముందు పెట్టింది. "'కలిశాను. బాగున్నారు. టీ బాగుంది.' ఇది రిపోర్టా అండీ?"

"టీ నిజంగానే బాగుందండి. ఈసారి రెండో కప్పు కూడా ఇచ్చారు. అది ప్రోగ్రెస్ కాదా?"

"రెండో కప్పు ఏ కాలమ్‌లో రాయమంటారు?"

అతను నిజంగానే కాగితం మీదికి వంగి కాలమ్ వెతకడం మొదలుపెట్టాడు. ఆమెకు తల ప్రాణం తోకకి వచ్చింది.

"బస్సు అడిగారా, లేదా?"

"మాట బస్సు దాకా వచ్చిందండి..."

"వచ్చి?"

"వానొచ్చింది."

"వానొస్తే?"

"ఆవిడ కిటికీలు వెయ్యమన్నారు. వేశాను. ఆ తర్వాత మాట మారిపోయింది."

పక్క బల్లల దగ్గర నవ్వులు వినిపించాయి. ఆమె కాగితం మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. అతనిది మనుషుల్ని ఇట్టే దగ్గర చేసుకునే స్వభావం. గేటు దగ్గర కాపలాదారు నుంచి కంపెనీల చైర్మన్ల దాకా అందరికీ అతనంటే ఇష్టం. అడగవలసిన చోట మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాడు. ఎంత మంచి మనిషో అంత పనికిరాని మనిషి అనుకుంది, అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అదే రోజు మధ్యాహ్నం డైరెక్టర్ పిలిచారు. "వ్యాను ఇంజను పూర్తిగా పోయిందమ్మా. వచ్చే నెల బడులు తెరుస్తారు. బస్సులావిడ పేరు ఆ అబ్బాయి దగ్గర తీసేసి సీనియర్‌కి ఇచ్చెయ్యి."

"ఈ గురువారం దాకా ఆగండి సార్. ఈసారి నేనూ వెళ్తాను."

డైరెక్టర్ కళ్ళజోడు తీసి ఆమెను చూశారు. ఆరేళ్ళలో ఆమె ఏ దాతనూ కలవడానికి వెళ్ళలేదు మరి.

ఇంట్లో ఇంకో గడువు నడుస్తోంది. నాలుగు గంటల రైలు ప్రయాణం దూరంలో ఉన్న ఒక పెద్ద ఆసుపత్రి ట్రస్టు ఆమెకు ఉద్యోగం ఇస్తానంది. ఎనిమిది మందితో ఒక విభాగం మొదలుపెట్టి నడపాలి. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి.

"ఇంతకీ నీ ఉద్యోగమేమిటని పక్కింటావిడ మళ్ళీ అడిగింది. ఏం చెప్పనే?" అంది అమ్మ, ఆరిన బట్టలు మడతపెడుతూ.

"ఎవరికి ఇచ్చే శక్తి ఉంది, దేనికి ఇవ్వాలని మనసుంది, వాళ్ళతో ఎవరు మాట్లాడాలి, ఎప్పుడు అడగాలి, ఇవన్నీ చూసే పని అని చెప్పు."

"అంటే మా పిన్ని పెళ్ళి సంబంధాలకు చేసేదే కదా. ఆవిడకి జీతం లేదు, నీకుంది."

"అమ్మా!"

"సరే, ఉద్యోగానికి ఔనని చెప్పేశావా?"

"ఇంకా లేదు."

"ఎందుకు చెప్పలేదు? రోజూ తిడతావే, ఆ అబ్బాయి గురించేనా?"

ఆమె చేతిలోని దుప్పటి కొస జారిపోయింది. "ఆయన జాబితా నా చేతిలో ఉంటుందమ్మా. జాబితా పంచేవాళ్ళకీ ఫీల్డువాళ్ళకీ మధ్య ఏ వ్యవహారమూ ఉండకూడదని మా ఆఫీసులో రూలు."

"ఆ దిక్కుమాలిన రూలు ఎవరు రాశారట?"

"నేనే," అంది ఆమె, దుప్పటి తీస్తూ.

ఆమెకు ముందు పనిచేసినాయన మంచి పేర్లన్నీ తన బావమరిదికి కట్టబెట్టాడు. అందుకని ఆ రూలు రాసింది. అప్పటికి ఇదిగోగారు లేడు. ఇప్పుడు ఇక్కడుంటే అతను రోజూ ఎదురుగా ఉంటాడు గానీ తనకు ఏమీ కాడు. అక్కడికి వెళ్తే ఏమైనా అయ్యే వీలుంది, కానీ ఆ మాట అతను అనాలి కదా. తను జవాబు చెప్పే లోపల, అంటే శుక్రవారం లోపల, అతను ఒక్కసారి నోరు తెరిస్తే బాగుండునని ఆమెకు ఉంది. రెండో కప్పు టీని ప్రోగ్రెస్ అనే మనిషి మీద ఇంత ఆశ పెట్టుకోవడం ఎంత తెలివితక్కువో కూడా ఆమెకు తెలుసు.

గురువారం ఇద్దరూ బస్సుల డిపోకి వెళ్ళారు. గేటు పక్కన పాత టైర్లు నడుము ఎత్తు దాకా పేర్చి ఉన్నాయి. నేలంతా ఆయిలు మరకలు. ఇనుప మెట్లెక్కితే అద్దాల గది, గోడ మీద రూట్ల పటం. ఆ గదిలో బల్ల వెనక డెబ్భై ఏళ్ళావిడ, మెడలో గొలుసుకు వేలాడుతున్న కళ్ళజోడుతో, కింద బయలుదేరుతున్న బస్సు నంబరు పుస్తకంలో రాస్తోంది.

తలెత్తి చూడగానే పుస్తకం మూసేసింది. "నువ్వేనా తల్లీ తొంభై?"

ఆమె ఉలిక్కిపడి అతని వైపు చూసింది. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"కూర్చో. మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి ఒక్కదానివే తింటావట. తప్పు కనిపిస్తే పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి, పక్కన ఏమీ రాయవట. కోపమొస్తే 'అండీ' అని సాగదీస్తావట."

"ఇవన్నీ మీకు ఎవరు చెప్పారండీ?"

"ఇదిగో, ఇప్పుడు సాగదీసినట్టే," అని బస్సులావిడ పకపకా నవ్వింది. "ఎవరేమిటి, వీడే. పద్నాలుగు నెలల్నుంచి వచ్చి కూర్చుంటాడు. మీ సంస్థ ఏం చేస్తుందో నాకు ఇప్పటికీ సగమే తెలుసు. నీ గురించి మాత్రం పూర్తిగా తెలుసు."

ఆమెకు చెవులు వేడెక్కాయి. సంతోషంతోనో కోపంతోనో తేల్చుకునే ఓపిక ఆమెకు లేదు. కోపమే ముందు బయటికి వచ్చింది.

"అందుకా రిపోర్టులు మూడేసి ముక్కలు! జరిగింది రాస్తే నేను చదువుతానని!"

"అంతేనండి," అన్నాడు అతను, నేల చూస్తూ.

"వచ్చిన పని చూడండి ముందు!"

అతను గొంతు సవరించుకున్నాడు. కుర్చీ అంచుకు జరిగాడు. "అమ్మా... మా పిల్లల కంటి పరీక్షలకి... ఒక పాత బస్సు... మీకు అక్కర్లేనిది ఏదైనా సరే. ఇంజను లేకపోయినా ఫర్వాలేదు..."

"ఇంజను లేకుండా బడికి ఎలా వెళ్తుందండీ?" అంది ఆమె పళ్ళ బిగువున.

బస్సులావిడ కళ్ళజోడు పెట్టుకుని అతన్ని చూసింది. "పిల్లలకి డొక్కు బస్సెందుకు బాబూ? నిరుడు కొన్నది ఉంది, ముప్పై సీట్లది. సీట్లు తీయించి, మీకెలా కావాలంటే అలా చేయిస్తాను. డ్రైవర్ని కూడా నేనే ఇస్తాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఇవ్వలేదండీ?" అంది ఆమె.

"అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను వీడికి అమ్మను కూడా కాను." ఆవిడ మళ్ళీ పుస్తకం తెరిచింది. "ఒకటి అడిగావు కదా బాబూ. ఆ రెండోది కూడా అడిగెయ్. నాకు ఇంకా పన్నెండు బస్సులు బయలుదేరాలి."

బయటికి వచ్చేసరికి వాన మొదలైంది. రోడ్డు దాటి, బస్టాపు రేకు కిందికి పరుగెత్తారు. అక్కడ ఇంకెవరూ లేరు. రేకుకు చిల్లు ఉన్న చోట నీళ్ళు ధారగా పడుతున్నాయి, దాన్ని తప్పించుకోవాలంటే ఇద్దరూ ఒకే మూలకి సర్దుకోవాలి. సర్దుకున్నారు.

ఇప్పుడు మాట్లాడతాడు అనుకుంది ఆమె. ఆవిడ అంత విప్పి చెప్పాక కూడా మాట్లాడకుండా ఎలా ఉంటాడు?

"ముప్పై సీట్ల బస్సుకి టైర్లు ఆరు ఉంటాయండి," అన్నాడు అతను.

ఆమె కళ్ళు మూసుకుంది.

"స్టెప్నీతో కలిపి ఏడు."

"నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, నాలుగు గంటల రైలు ప్రయాణం," అంది ఆమె. "రేపటిలోగా జవాబు చెప్పాలి."

అతని మొహంలో రంగు మారింది. తల తిప్పి ఆమెను సూటిగా చూశాడు. పద్నాలుగు నెలల్లో అలా చూడడం ఆమెకు తెలిసి ఇదే మొదటిసారి.

"వెళ్ళకండి," అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. "ఇదా అడగడం?"

"అదికాదండి, నేను..."

"ముప్పై బస్సులున్న మనిషిని ఇంజను లేని డొక్కు అడిగారు. నన్నేమో ఆ ఆఫీసు కుర్చీలోంచి లేవొద్దని అడుగుతున్నారు. మీకు అడగడమే రాదనుకున్నాను ఇన్నాళ్ళూ. వస్తే ఇంత తక్కువ అడుగుతారా? నేను వెళ్తాను. నాకు ఆ ఉద్యోగం ఇష్టం. ఎనిమిది మంది నా కింద పనిచేస్తారు. దాన్ని నేను వదులుకోను, వదులుకోమని మీరు అడిగితే అసలు క్షమించను."

"సరేనండి," అన్నాడు నీరసంగా.

"సరేనా! అంతేనా!" ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది. "ఇక్కడుంటే మీ జాబితా నా చేతిలో ఉంటుంది. ఆ రూలు రాసిన చేత్తో నేను ఏ మాటా ఒప్పుకోలేను. ఆ ఊరు వెళ్ళిపోతే మీరెవరో నేనెవరో. అప్పుడు మనకి ఏ రూలూ అడ్డురాదు."

"మనకి అంటే?"

"దేవుడా! అదీ నేనే చెప్పాలా అండీ!"

ఆ మాటలు అతని బుర్రలోకి ఒక్కొక్కటిగా దిగుతున్నాయి, అవి దిగడం ఆమెకు బయటికే కనిపిస్తోంది. చివరికి అతని పెదవుల మీద నవ్వు మొదలై, భయంతో ఆగిపోయి, మళ్ళీ మొదలైంది.

"మీరు వెళ్ళండి," అన్నాడు. "తప్పకుండా వెళ్ళండి. నాలుగు గంటల రైలే కదా, నేను వారం వారం వస్తాను. అక్కడ నాక్కూడా ఏదో ఒక పని దొరక్కపోదు." ఊపిరి తీసుకున్నాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె నోరు తెరిచింది.

"అంటే ఇప్పుడే చెప్పక్కర్లేదండి," అంటూ అతను గబగబా అందుకున్నాడు. "ఆలోచించుకోండి. కొత్త ఊరు, కొత్త ఆఫీసు, మీ అమ్మగారిని కూడా అడగాలి. ఒక ఆర్నెల్లు పోయాకైనా, ఏడాదైనా, అసలు కుదరదనుకున్నా నేనేమీ..."

ఆమె చటుక్కున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అడిగాక ఆగాలండీ! ఎదుటి మనిషికి ఔనని చెప్పే సందు ఇవ్వాలి. ఆరేళ్ళుగా మీ ఫీల్డువాళ్ళందరికీ చెప్పి చెప్పి నా గొంతు పోయింది."

అతను ఆగాడు. రోడ్డు అవతల డిపో గేటు తెరుచుకుని ఒక బస్సు బయటికి వచ్చింది. రేకు చిల్లులోంచి నీళ్ళు ఆమె భుజం మీద పడుతున్నాయి. ఆమె కదల్లేదు.

"చేసుకుంటాను," అంది.

అతను ఏమీ మాట్లాడలేదు. ఆమె చెయ్యి ఇంకా అతని నోటి మీదే ఉంది.